మనసు నిలుపుకోమని కోదాడకు పంపారు

మనసు ఒక చోట నిలవకపోతే కోదాడకు వెళ్లి రమ్మని మీకు ఎవరైనా చెబితే, మూట కట్టుకునేముందు నా నాలుగు మాటలు వినండి. నేను వెళ్లి వచ్చాను. ఆత్మకూరు నుంచి సూర్యాపేట, అక్కడి నుంచి కోదాడ, ఆ తర్వాత మిర్యాలగూడ. నవాబు గారి పాలన పోయి కొత్త సర్కారు వచ్చిన మొదటి ఎండాకాలంలో, ఎవరూ గడప దాటని ఎండల్లో తిరిగాను.

నాకు చదువు రాదు. బస్సు పలక మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవగలను, సంతకం గీయగలను, అంతే. నేను చెబుతుంటే మా బడి టీచరమ్మ రాస్తోంది. నేను ‘పోయిన’ అంటే ఆమె ‘వెళ్లాను’ అని రాస్తుంది. పుస్తకంలో అలాగే ఉండాలట. రాసుకోనీ.

ఎందుకు వెళ్లవలసి వచ్చిందంటే

నేను మంత్రసానిని. ఇరవై ఏళ్లుగా మా ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ కాన్పులు చేస్తున్నాను. పోయిన మాఘంలో మా ఊరి కల్లుగీత గౌండ్లవాళ్ల ఇంట్లో కాన్పు. బిడ్డ క్షేమంగా పడింది. బొడ్డు కట్టి కోశాను, బిడ్డను తుడిచి గుడ్డలో చుట్టాను, చేతులు కడుక్కున్నాను, బయటికి వచ్చి, “నా చేట ఇయ్యండ్రి, నేను పోత” అన్నాను.

మా వైపు మంత్రసానికి చేటలో జొన్నలు, బెల్లం, గిద్దెడు నూనె పెట్టి ఇస్తారు. అది ఎప్పుడు అడగాలి? బిడ్డ వెనకే రావలసిన మాయ పడి, దాన్ని పెరట్లో పాతిపెట్టిన తర్వాత. ఆ రోజు మాయ ఇంకా తల్లి కడుపులోనే ఉంది. ఇంటివాళ్లందరూ నా ముఖం చూశారు. ఆ చూపు చూశాక గాని నేను చేసిన పని నాకు తెలియలేదు. లోపలికి పరుగెత్తేసరికి తల్లికి నెత్తురు పోతోంది. ఎట్లాగో సర్దాను. బతికింది. కానీ నేను ఇల్లు చేరేలోపే ఆ కబురు ఊరంతా తిరిగింది.

అప్పటి నుంచి దారిన పోయే ప్రతివాళ్లూ నాకు చెప్పే మాట ఒకటే. మనసు నిలుపుకో. మనసంటే గుంజకు కట్టేసే బర్రె అనుకున్నారు కాబోలు. ఎట్లా నిలుపుకోవాలో చెప్పమంటే చెప్పినవాళ్లు లేరు. చివరికి ఆ గౌండ్లవాళ్ల ముసలమ్మే, కోదాడలో ఒక పంతులు ఉన్నాడనీ, మనసు నిలపడం నేర్పుతాడనీ చెప్పింది.

వినేసి ఊరుకునేదాన్నే. కానీ అదే వారం మిర్యాలగూడ నుంచి కబురు వచ్చింది. నా ఒక్కగానొక్క కూతురు సత్తెమ్మకు నెలలు నిండాయి. మూడో కాన్పు, అత్తగారింట్లోనే. అవ్వ చేతుల మీదనే, అంటే తల్లినైన నా చేతుల మీదనే కావాలని పట్టుబట్టిందట. నా చేతుల మీద నాకే నమ్మకం పోయిన సంగతి దానికి తెలియదనుకున్నాను. ఈ చేతులతో నా బిడ్డను ముట్టుకోవాలంటే ముందు ఈ మనసు సంగతి తేలాలి. అందుకని తిన్నగా వెళ్లాల్సిన ఊరికి చుట్టు తిరిగి వెళ్లాను.

సూర్యాపేట

సూర్యాపేటలో చెల్లె వరసయ్యే మా పెద్దమ్మ కూతురింట్లో దిగాను. అంగడి రోజు. ఆముదాలు, పల్లికాయ రాశులు పోసి ఉన్నాయి, బండ్ల మధ్య కాలు పెట్టే చోటు లేదు. చాయ్ అర అణా. మా ఊళ్లో అర అణాకు దోసెడు పల్లికాయ వస్తుంది, ఇక్కడ మూడు గుక్కల వేడి నీళ్లు. అయినా తాగాను. తాగకపోతే తలనొప్పి, తాగితే కడుపులో మంట.

మిరపకాయలు అమ్మే ఒక ముసలమ్మ నా ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పడం నా తప్పు. నెత్తిన నిమ్మకాయ రసం పట్టించమంది. ఆమె పక్కన కూర్చున్నామె, కాదు, శనివారం ఒక పూట తినకూడదంది. వాళ్లిద్దరూ ఆ విషయం మీద పోట్లాడుకుంటుంటే నేను లేచి వచ్చేశాను.

మా చెల్లె ఊరుకోక నన్ను ఒక హకీం దగ్గరికి తీసుకుపోయింది. పెద్దమనిషే, మర్యాదగా మాట్లాడాడు. చెయ్యి పట్టుకుని చాలాసేపు నాడి చూశాడు. నిద్ర వస్తుందా, కలలు వస్తాయా, కలలో నీళ్లు కనిపిస్తాయా అని అడిగాడు. కలలో నీళ్లు లేవన్నాను. ఆయనకు అది నచ్చలేదు.

“దిమాగ్ ఎండిపోయింది అమ్మా. రోజు పొద్దుగాల ఏడు బాదంపప్పులు నానబెట్టి పాలల్ల నూరి తాగాలె. నలభై రోజులు.”

“బాదంపప్పు తాగేటోళ్ల మనసు ఏడికి పోతది హకీంసాబ్? ఇంట్లనే ఉంటది” అన్నాను.

ఆయన నవ్వాడు, నాకు నవ్వు రాలేదు. డబ్బులు తీసుకోలేదు, అది మాత్రం చెప్పాలి. మా చెల్లె ఇంట్లో ఆ పూట సజ్జ రొట్టె, చింతచిగురు పప్పు. ఆ పప్పు తింటున్నంతసేపూ నా మనసు బాగానే నిలిచింది.

కోదాడ దారిలో

నేను ఎక్కిన బస్సు బొగ్గుతో నడిచేది. వెనకాల పొయ్యిలాంటి డబ్బా, అందులో బొగ్గు. ఎత్తు వచ్చిన చోటల్లా అది దగ్గుతుంది, మనం దిగి నెట్టుకుంటూ నడవాలి. నడిచినందుకు కిరాయి తగ్గించరు. ఆ మాట అడిగితే కండక్టర్ నన్ను వింత మనిషిని చూసినట్టు చూశాడు.

దారిలో సిపాయిలు బస్సు ఆపి మూటలు విప్పించారు. గడబిడలు జరిగిన రోజులు కదా, తప్పులేదు. నా మూటలో బొడ్డు కోసే చిన్న కత్తి దొరికింది. ఆ సిపాయికి తెలుగు రాదు, నాకు వాడి మాట రాదు. కత్తి ఎందుకని సైగ చేశాడు. ఏం చెప్పను? పొట్ట చూపించాను. వాడు కంగారుపడి రెండడుగులు వెనక్కి వేశాడు, కడుపులో పొడుస్తానన్నానని అనుకున్నాడేమో. అప్పుడు చేతులు ఒడిలాగా పట్టి, బిడ్డ ఏడ్చినట్టు కేరుమన్నాను. బస్సంతా నవ్వింది. సిపాయి కూడా నవ్వి కత్తి ఇచ్చేశాడు, పైగా నాకు దండం పెట్టాడు. ముప్పై మంది ముందు నడిరోడ్డు మీద పసిబిడ్డలా ఏడ్చిన నా సంగతి ఎవరు ఆలోచిస్తారు?

కోదాడ

కోదాడలో మాట మారుతుంది. “ఎక్కడికెళ్లాలండీ?” అని అడుగుతారు. ప్రతి మాటకూ చివర ఒక తోక. హోటళ్లలో చాయ్ కంటే కాఫీ ఎక్కువ. ఇడ్లీ అనేదాన్ని అక్కడే మొదటిసారి తిన్నాను. అణాకు రెండు. తెల్లగా, మెత్తగా, జబ్బుపడినవాళ్ల తిండిలా ఉంది. కారం ఏదని అడిగితే హోటలాయన పచ్చడి వేశాడు, అందులో కొబ్బరి ఉంది, కారం లేదు. మా నవాబు గారి హాలీ పైసలు చూసి, ఇంగ్లీషువాళ్ల కల్దారు పైసలు లేవా అన్నాడు. లేవన్నాను. అవి బేరం చేసి పుచ్చుకున్నాడు.

పంతులు గారి ఇల్లు వెతకడం కష్టం కాలేదు. ఊపిరి పంతులు అంటే అందరూ చూపిస్తారు. కింది కోస్తా జిల్లాల నుంచి వచ్చి బడిలో పాఠాలు చెప్పి మానేసిన మనిషి. తెల్లవారగానే అరుగు మీద పది పన్నెండు మంది కూర్చుంటారు. పంతులు గారు ఏమీ తీసుకోరు. కొబ్బరికాయ తెస్తే కాదనరు.

నన్ను అరుగు చివర, మెట్టు దగ్గర కూర్చోమన్నారు. అది ఏ ఊళ్లోనైనా అంతే, దాని గురించి చెప్పేదేమీ లేదు. పంతులు గారు మెల్లగా మాట్లాడతారు.

“కళ్లు మూసుకోమ్మా. ఊపిరి వస్తోంది, చూడు. పోతోంది, చూడు. మనసు పక్కకు పోతే తిట్టకు. మెల్లగా తీసుకొచ్చి మళ్లీ ఊపిరి దగ్గర కూర్చోబెట్టు.”

నేను ఇంకా చెబుతారేమోనని చూశాను. ఆయన కళ్లు మూసుకున్నారు.

“ఇంతేనా?” అన్నాను.

“ఇంతే.”

“ఇది నేను నొప్పులు పడేటోళ్లకు రోజు చెప్తనే ఉంట పంతులుగారూ. ఊపిరి బిగబట్టకు బిడ్డా, ఇడువు, దాని మీదనే ఉండు అని.”

“అయితే నీకు వచ్చన్నమాటే.”

“వచ్చు గని నాకు పనిజేస్తలేదు. అందుకే గదా బస్సెక్కి వచ్చింది.”

అరుగు మీదివాళ్లు ఒక కన్ను తెరిచి నన్ను చూశారు. సరే, కూర్చున్నాను. నా పక్కన ఒక పొగాకు వ్యాపారి. కళ్లు మూయగానే గురక పెట్టాడు. అతని ఊపిరి వస్తోంది, పోతోంది, బాగా వినిపిస్తోంది. నా ఊపిరి నాకు దొరకలేదు. కాలి మీద చీమ ఎక్కింది. తర్వాత మనసు ఇంటికి వెళ్లింది. తీసుకొచ్చాను. మళ్లీ వెళ్లింది. మా ఇంటి తలుపు, తలుపు గొళ్లెం, లోపల నులక మంచం. ఎక్కడికి వెళ్లినా వేరే చోటికి వెళ్లదు, ఇంటికే వెళుతుంది. రెండు రోజులు కూర్చున్నాను. ఇరవై సార్లు తెస్తే ఇరవై సార్లూ ఇంటికే.

రెండో రోజు పంతులు గారికి చెబితే, మంచిదే, వెళ్లిందని తెలుసుకున్నావు కదా అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇల్లు కాలుతోందని చెబితే, కాలుతోందని తెలుసుకున్నావు కదా అన్నట్టుంది.

పంతులు గారి భార్య

ఆ రెండు రోజులూ నేను పెరట్లో నీళ్లు తోడి, అంట్లు తోమి పెట్టాను. ఊరికే తినడం నాకు అలవాటు లేదు. పంతులు గారి భార్య దొడ్డి గుమ్మంలో నాకు ఆకులో అన్నం పెట్టింది. వాళ్ల కూరల్లో బెల్లం వేస్తారు. పులుసులో కూడా వేస్తారు. ఎందుకో నేను అడగలేదు.

రెండో రోజు పొద్దున ఆమె దొడ్లోకి వెళుతూ, పొయ్యి మీద పాలు చూడమని భర్తకు చెప్పింది. ఆయన సరేనన్నారు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయి ఇల్లంతా మాడు వాసన. ఆయన అరుగు మీద కళ్లు మూసుకునే ఉన్నారు.

“ఆయన ఊపిరి చూసుకుంటారు, పొయ్యి నేను చూసుకుంటాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంతే” అంటూ ఆమె బూడిద ఎత్తింది. తర్వాత నన్ను అడిగింది.

“నీ మనసు ఎక్కడికెళుతుందమ్మా?”

మా ఊరిలో, సూర్యాపేటలో, ఆ అరుగు మీద, ఎవరూ ఆ మాట అడగలేదు. నిలుపుకో అన్నవాళ్లే గాని, ఎక్కడికి పోతుందని అడిగినవాళ్లు లేరు. అందుకని చెప్పేశాను.

కిందటేడు మా ఆయనకు జ్వరం వచ్చిన రోజు పక్క ఊరి నుంచి కాన్పుకు పిలుపు వచ్చింది. ఒళ్లు కాలుతోంది. పోయిరా, నాకేం కాదు అన్నాడు. వెళ్లాను. అడ్డం తిరిగిన బిడ్డ, రెండు రోజులు పట్టింది. బిడ్డ పడింది, మాయ పడింది, అంతా సక్రమంగా చేశాను. వాళ్లు చేట సర్దడానికి ఆలస్యం చేశారు. జొన్నలు ఇంకా చెరగలేదన్నారు, కూర్చోమన్నారు. కూర్చున్నాను. చేట ఎత్తుకుని ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో జనం ఉన్నారు.

అప్పటి నుంచి ఎక్కడ కాన్పు చేసినా, బిడ్డ ఏడుపు వినపడగానే నా లోపల ఎవరో లేలే, ఇంటికి పో, తొందరగా పో అంటారు. గౌండ్లవాళ్ల ఇంట్లో జరిగింది అదే. ఇంట్లో ఎవరూ లేరు. అయినా పొమ్మంటుంది.

ఆమె చేతికంటిన బూడిద కడుక్కుని వచ్చింది. మజ్జిగ గ్లాసు ఇచ్చింది.

“ఇది మా ఆయనకు చెప్పకు. దీనికీ ఊపిరి చూసుకోమంటారు.”

కోదాడలో నాకు కలిసొచ్చింది ఏదైనా ఉంటే ఆ మజ్జిగే. మీరు వెళితే అరుగు మీద కూర్చోండి, తప్పులేదు, కొందరికి పనిచేస్తుందట. ఆ పొగాకు వ్యాపారికి ఇంట్లో నిద్ర పట్టదు, ఇక్కడ పడుతుందని చెప్పాడు. కానీ పెరటి వైపు కూడా ఒకసారి వెళ్లి రండి.

మూసీ దాటడం

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు ఎడ్లబండి కుదిరింది. బండాయన పేరు మల్లయ్య. దారి పొడుగునా ఎడ్లతోనే మాట్లాడాడు. పంతులు గారి మాట కాదనడం ఎందుకని నేను బండిలో కూడా కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఊపిరి వస్తోంది, గుంతలో పడింది. పోతోంది, గుంతలో పడింది.

“ఏందవ్వా, మూగనోము పట్టినవా?” అన్నాడు మల్లయ్య.

“ఊపిరి సూస్తున్న.”

“గీ దుమ్ముల ఊపిరేం సూస్తవ్? కొంగు అడ్డం పెట్టుకో.”

మూసీలో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు, ఇసుకే. ఆ ఇసుకలో చక్రం దిగబడింది. దిగి నెట్టాను. ఈ యాత్రలో నేను ఎక్కిన ప్రతిదాన్నీ నెట్టాను. పంతులు గారి భార్య ఇచ్చిన మాగాయ జాడీ బోర్లాపడి నా మంచి చీర నూనె పాలైంది. మూసీ మధ్యలో నిలబడి ఆ చీర ఉతుక్కున్నాను. ఆరు రోజుల్లో కాస్త చల్లగా అనిపించింది అక్కడే.

మిర్యాలగూడ

మా వియ్యపురాలు లింగమ్మ నోరు మూతపడదు. ఏం జేస్తున్నవ్ అని పిల్లల్ని అడుగుతుంది, మేకల్ని అడుగుతుంది, ఎవరూ లేకపోతే పొయ్యిని అడుగుతుంది. నాకు ఆమె మొదటి నుంచీ పడదు. నేను కాళ్లు కడుక్కోకముందే ఆమె మొదలుపెట్టింది.

“వచ్చినవా వదినా? ఈసారన్న మాయ పడ్డంక చేట అడుగుతవా?”

కబురు ఇక్కడికీ చేరింది. సత్తెమ్మ లోపలి నుంచి వింది. దాని ముఖం చూశాను. తెలుసు దానికి. తెలిసీ నన్నే పిలిచింది.

దవాఖానకు తీసుకుపోదామా అని మా అల్లుణ్ని అడిగాను. డాక్టరమ్మ నల్లగొండలో ఉందట, ఈ స్థితిలో బండి మీద అంత దూరం ఎట్లా అన్నాడు. ఊళ్లో ఇంకో మంత్రసాని ఉంది, ఆమెకు రెండు కళ్లకూ పొరలు. ఇక ఎవరున్నారు?

మర్నాడు పొద్దెక్కేసరికి నొప్పులు మొదలయ్యాయి. నేను చేతులు కడుక్కుంటూ, గుమ్మంలో నిలబడి ఉన్న లింగమ్మను లోపలికి పిలిచాను. నా జన్మలో నేను అంత సిగ్గుపడిన మాట ఇంకోటి లేదు.

“వదినా, నువ్వన్నది నిజమే. బిడ్డ పడంగనే నా మనసు ఇంటికి పోతది. నన్ను నమ్మకు. నా పక్కనే కూసో. ఏం జేస్తున్నవ్ అని అడుగుతనే ఉండు.”

ఆమె ఎకసెక్కం ఆడుతుందేమోనని చూశాను. ఆడలేదు. కొంగు బిగించి నా పక్కన కూర్చుంది. అడగమన్నాను కదా, ఇక ఆగలేదు. ఏం జేస్తున్నవ్ వదినా? నీళ్లు వేడిగున్నయా సూస్తున్న. ఇప్పుడేం జేస్తున్నవ్? నడుము వత్తుతున్న. ఇప్పుడు? చెయ్యి అడ్డం పెట్టిన. ఊరుకో అనాలనిపించింది, పళ్లు బిగబట్టి జవాబు చెప్పాను. నొప్పుల మధ్యలో సత్తెమ్మ నవ్వింది. మీ ఇద్దరు ఎప్పటి నుంచి ఇంత మంచిగైన్రు అని అడిగింది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది.

అప్పుడే వచ్చింది. లే, ఇంటికి పో, తొందరగా పో. ఊపిరి చూశాను. లేదు. మనసును తెచ్చి కూర్చోబెట్టాను. ఉండలేదు. తలుపు గొళ్లెం కనిపిస్తోంది, మంచం కనిపిస్తోంది. బొడ్డు కోశాను, బిడ్డను లింగమ్మ చేతికి ఇచ్చాను. నా మోకాళ్లు వాటంతట అవే లేవబోయాయి.

“ఏం జేస్తున్నవ్ వదినా?”

“పోతున్న. మనసు ఇంటికి పోతున్నది వదినా. నేను ఆపుతలేను.”

ఆమె ఒక చేత్తో బిడ్డను పట్టుకుని, రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుని, నా అరచెయ్యి సత్తెమ్మ పొట్ట మీద పెట్టింది.

“పోతే పోనియ్యి. చెయ్యి మాత్రం ఈడనే ఉంచు.”

మూడు ఊళ్లు తిరిగాను. బాదంపప్పు చెప్పారు, నిమ్మకాయ చెప్పారు, ఊపిరి చెప్పారు. అందరూ మనసును తెమ్మన్నారు. పోనియ్యమన్నది ఈమె ఒక్కతే, అదీ నాకు గిట్టని మనిషి. సరే, పోనిచ్చాను. ఇంటికి వెళ్లింది. మంచం దగ్గర నిలబడింది. మా ఆయన ముఖం చూసింది. ఇక్కడ నా చెయ్యి కింద పొట్ట గట్టిపడింది, వదులైంది, మళ్లీ గట్టిపడింది. ప్రతిదీ తెలుస్తూనే ఉంది. ఎంతసేపో చెప్పలేను. లింగమ్మ కూడా అడగడం మానేసింది.

మాయ పడింది. ఆకు మీద పరిచి అంచులు చూశాను. ఎక్కడా తెగలేదు, మొత్తం ఉంది. లింగమ్మకు చూపించాను. ఆమె వంగి చూసి తల ఊపింది. మా అల్లుడు గొయ్యి తవ్వితే నేనే తీసుకెళ్లి పాతి, మీద రాయి పెట్టి వచ్చాను.

తర్వాత వసారాలో కూర్చున్నాను. లేవాలనిపించలేదు. వెళ్లాల్సిన చోటు ఏదీ లేదు. ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి నాకు ఏడాదిగా తెలుసు, కానీ అది ఒంట్లోకి దిగింది ఆ మధ్యాహ్నమే. ఏడుపు వచ్చింది. మా ఆయన పోయిన రోజు కూడా అట్లా రాలేదు. లింగమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఊరుకోమంటుందేమో అనుకున్నాను.

“ఏడువు వదినా. ఏడువు. గని జర మెల్లగ, పిల్ల ఇప్పుడే నిద్రవోయింది.”